పాత నోట్, కొత్త తేదీ: రేడియాలజీ నుంచి హెచ్‌సీసీకి మారిన ఒక కోడర్ కేస్

ఈ కేస్‌లో ఉన్నామెను శిరీష అని పిలుస్తాను. అసలు పేరు కాదు. కంపెనీ, క్లయింట్, వాళ్లు వాడే ఈహెచ్‌ఆర్ (ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డ్) సాఫ్ట్‌వేర్ పేర్లు రాయను. చార్టుల్లోంచి, అంటే పేషెంట్ల వైద్య రికార్డుల్లోంచి, తీసుకున్న ఉదాహరణల్లో తేదీలు, కొన్ని వివరాలు మార్చాను. నేను మెడికల్ కోడింగ్ క్వాలిటీ, ట్రైనింగ్ చూస్తాను. డాక్టర్ నోట్‌లోని జబ్బులను, చికిత్సలను బీమా లెక్కల కోసం కోడ్లుగా మార్చడమే కోడింగ్. ఆఫీస్ హైదరాబాద్‌లో, పని మాత్రం హనుమకొండలో ఇంటి నుంచే. మా టీమ్‌లోనే కాదు, వరంగల్, కాజీపేట, నర్సంపేట, జనగామ ప్రాంతాల్లో ఇలా ఇంట్లో కూర్చుని అమెరికా చార్టులు కోడ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. శిరీషకు వచ్చిన కష్టమే వాళ్లలో ఎందరికో వస్తోంది కాబట్టి ఈ కేస్ రాసి పెడుతున్నాను.

నేపథ్యం

శిరీష బీఫార్మసీ చదివింది. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని కోడర్లకు ఇచ్చే సీపీసీ సర్టిఫికేషన్ పాసైంది, రేడియాలజీ కోడర్‌గా చేరింది. కరోనా టైమ్‌లో అందరిలాగే సిస్టమ్ పట్టుకుని ఇంటికొచ్చింది. తర్వాత పెళ్లి, పాప, హనుమకొండలోనే కాపురం. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నంతకాలం ఆ ఉద్యోగం ఆమె బతుకుకు సరిగ్గా సరిపోయింది.

రేడియాలజీ రిపోర్ట్ అంటే ఒకటి రెండు పేజీలు. పరీక్ష ఎందుకు రాశారు, ఏం తీశారు, ఏం కనిపించింది, చివర్లో ఇంప్రెషన్, అంటే డాక్టర్ తేల్చిన మాట. ఒకే డాక్టర్ ఒకేసారి చెప్పిన మాట. అలవాటైతే రోజుకు వందకు పైగా లాగించేయొచ్చు. శిరీష ఎప్పుడూ టార్గెట్ దాటేది, క్వాలిటీ 97కు తగ్గేది కాదు. అంత పద్ధతిగా ఉండే రిపోర్ట్‌ను మెషిన్ కూడా తేలిగ్గా చదివేస్తుంది. క్లయింట్ ఆటో కోడింగ్ పెట్టగానే ఎక్స్‌రేలు, మామూలు సీటీలు మా క్యూలోకి రావడం ఆగిపోయింది. రేడియాలజీ టీమ్ సగానికి సగం తగ్గింది. శిరీషను హెచ్‌సీసీ ప్రాజెక్ట్‌కు మార్చారు. అదేమిటో కింద చెబుతాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికాలో 2009లో హైటెక్ చట్టం వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టుకున్న ఆసుపత్రులకు, డాక్టర్లకు 2011 నుంచి ప్రభుత్వం డబ్బులిచ్చింది. 2015 నాటికి అక్కడి ఆసుపత్రుల్లో నూటికి తొంభైకి పైగా ఈహెచ్‌ఆర్‌కు మారిపోయాయి. అదే ఏడాది అక్టోబర్ 1న ఐసీడీ-10-సీఎం అనే కొత్త జబ్బుల కోడ్ల జాబితా అక్కడ అమల్లోకి వచ్చి, 14 వేల దగ్గరున్న డయాగ్నోసిస్ కోడ్లు 70 వేల దగ్గరికి చేరాయి. చార్ట్ కంప్యూటర్‌లోకి ఎక్కడం, కోడ్లు అయిదింతలు కావడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. మన దగ్గర బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ పిల్లలకు ఇన్ని ఉద్యోగాలు దొరికాయంటే దాని పుణ్యమే. అదే ఈహెచ్‌ఆర్, స్పీచ్ రికగ్నిషన్‌తో కలిసి, మనకంటే ముందు తరం చేసిన మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌ను, అంటే డాక్టర్ చెప్పింది విని టైప్ చేసే పనిని, చాలావరకు మింగేసింది. ఆ పనిలోంచి కోడింగ్‌కు వచ్చిన సీనియర్లు మా ఆఫీసులోనే ఉన్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ అన్న మాట వింటే వాళ్ల ముఖం ఎందుకు మారుతుందో నాకు తెలుసు.

వచ్చిన సమస్య

హెచ్‌సీసీ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలో మెడికేర్ అడ్వాంటేజ్ అనే పథకం కింద, పెద్దవాళ్లకు బీమా ఇచ్చే కంపెనీలకు ప్రభుత్వం తలకింత అని చెల్లిస్తుంది. మనిషికి ఎంత జబ్బు ఉంటే అంత ఎక్కువ. ఆ లెక్క కోసం జబ్బులను గుంపులు చేసే పద్ధతే హెచ్‌సీసీ. ఆ జబ్బు ఆ ఏడాది డాక్టర్ ఎదుట జరిగిన విజిట్ నోట్‌లో రాసి ఉండాలి. రాసి ఉందో లేదో తేల్చడమే కోడర్ పని. లేని జబ్బు కోడ్ చేస్తే లేని డబ్బు వసూలు చేసినట్టు.

మా దగ్గర పాస్ మార్క్ 95 శాతం. శిరీష మూడు నెలలు వరుసగా 90 కూడా దాటలేదు. ప్రొడక్షన్ బాగానే ఉంది, సెలవులు లేవు, ఫోన్ పెట్టుకుని కూర్చునే మనిషి కాదు. పీఐపీలో, అంటే గడువు పెట్టి పని మెరుగుపరుచుకోమనే దాంట్లో, పెట్టే ముందు నాతో ఒకసారి మాట్లాడించారు. ఆమె అన్న మొదటి మాట: “సర్, కోడ్స్ అన్నీ వస్తయ్ నాకు. మరి ఎర్రర్ యాడ పడ్తున్నదో అర్థమైతలేదు.”

ఆమె చెప్పింది నిజమే. ఎర్రర్ షీట్ తెరిచి ఒక్కో కోడ్ గురించి నోటితో అడిగాను. ఒక్కటీ తప్పలేదు. స్ట్రోక్ వచ్చి వెళ్లిపోయాక అవుట్‌పేషెంట్ విజిట్‌లో తాజా స్ట్రోక్‌కు వేసే ఐ63.9 వేయకూడదని, ఏ లోపమూ మిగలకపోతే జెడ్86.73 అని, చెయ్యి కాలు పడిపోయి ఉంటే ఐ69 అని గడగడా చెప్పింది. అదే మనిషి అంతకుముందు వారం ఐ63.9 వేసి ఎర్రర్ తెచ్చుకుంది. రూల్ తెలిసిన మనిషి రూల్ తప్పుతోందంటే చదువులో లోటు లేదని నాకు అక్కడే అనిపించింది. ఆ అనుమానాన్ని రుజువు చేయడానికి మాత్రం టైమ్ పట్టింది.

చేసి చూసినవి

టీమ్ లీడ్ అప్పటికే ఒక పని చేయించారు. ఎక్కువగా తప్పిన కోడ్ల జాబితా ఒకటి రాసి, సిస్టమ్ పక్కన ఎప్పుడూ తెరిచి ఉంచమన్నారు. ఆ నెల ఆ కోడ్లలో తప్పులు నిజంగానే తగ్గాయి. కొత్తవాటిలో పడ్డాయి. నెల తిరిగేసరికి ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. కారణం ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తుంది. మా ఆడిట్ షీట్‌లో రెండే గడులు ఉంటాయి: వేసిన కోడ్, వేయాల్సిన కోడ్. ఎందుకు వేసిందో రాసే గడి లేదు. దాంతో ప్రతి తప్పూ కోడ్ రాని తప్పులాగే కనిపిస్తుంది.

ఈలోపు శిరీష సొంత డబ్బు పెట్టి, హెచ్‌సీసీ తరహా కోడింగ్‌కు ఉన్న సీఆర్‌సీ సర్టిఫికేషన్ పరీక్ష రాసి పాసైంది. పనికిరాని ఖర్చు అనను. హెచ్‌సీసీ మోడల్ వీ28 అనే కొత్త వెర్షన్‌కు మారే వరుస, 2024 నుంచి మొదలై 2026కు పూర్తిగా అదే లెక్క, ఏ జబ్బులు జాబితాలోంచి జారిపోయాయి అన్నవి ఆమెకు మా అందరికంటే బాగా పట్టుబడ్డాయి. క్వాలిటీ మాత్రం అంగుళం కదల్లేదు. ఈ సర్టిఫికేషన్ పరీక్షల్లో 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకునే రాయొచ్చు. ప్రశ్నలో ఇచ్చే నోట్ శుభ్రంగా ఉంటుంది. అందులో ఉన్న ప్రతి వాక్యమూ ఆ రోజు ఆ డాక్టర్ రాసిందే అని నమ్మి జవాబు రాయాలి. నిజం చార్ట్‌లో ఆ నమ్మకమే కొంప ముంచుతుంది.

తర్వాత టార్గెట్ సగానికి తగ్గించి చూశాం. తొందరపాటు కారణమైతే తీరిక దొరికితే తప్పులు తగ్గాలి కదా. కొంచెం తగ్గాయి, మళ్లీ పెరిగాయి. స్క్రీన్ షేర్‌లో పక్కన కూర్చున్నట్టు చూస్తే తెలిసింది: మిగిలిన టైమ్‌లో ఆమె అదే నోట్‌ను రెండోసారి పైనుంచి కిందికి చదువుతోంది. మొదటిసారి నమ్మిన వాక్యాన్నే రెండోసారీ నమ్ముతోంది.

ఇంకో అనుమానం సాఫ్ట్‌వేర్ మీద. మా టూల్ నోట్ పక్కనే ఎడమవైపు కోడ్ సూచనలు పసుపు రంగులో చూపిస్తుంది. కోడర్ ఒప్పుకోవాలి, లేదా కొట్టేయాలి. పసుపు కనబడితే చెయ్యి ఒప్పుకునే వైపే పోతుంది, ఎవరికైనా. కొన్నాళ్లు సూచనలు కనిపించకుండా చేయించాను. తప్పులు సగానికి పైన తగ్గితే కారణం మెషిన్, తగ్గకపోతే నోట్ అనుకున్నాను. కాస్తే తగ్గాయి. సూచన లేకపోయినా ఆమె అదే చోట అదే తప్పు చేస్తోంది. మెషిన్, మనిషి ఇద్దరూ ఒకే వాక్యం దగ్గర మోసపోతున్నారన్నమాట. ఇక చూడాల్సింది ఆ వాక్యాన్నే.

దారి దొరికిన చోటు

పాత ఎర్రర్లన్నీ మళ్లీ తీశాం. ఈసారి షీట్‌లో ఒక గడి చేర్చాం: ఈ వాక్యం ఎక్కడ పుట్టింది? డాక్టర్ ఆ రోజు టైప్ చేసిందా, పాత నోట్‌లోంచి కాపీ అయి వచ్చిందా, టెంప్లేట్ దానంతట అదే నింపిందా, పరీక్ష ఆర్డర్ చేసేటప్పుడు డ్రాప్‌డౌన్‌లో ఎంచుకున్నదా. ఇంటి నుంచి పని చేసేవాళ్లు కాగితం మీద ఏదీ రాయకూడదు, పేషెంట్ వివరం ఒక్కటీ బయటికి పోకూడదు. అందుకని ఎర్రర్ నంబర్, నోట్‌లో ఏ భాగం, ఎక్కడ పుట్టింది అన్నవే కంపెనీ సిస్టమ్‌లో పెట్టుకున్నాం. అంతకంటే ఎక్కువ అవసరం కూడా పడలేదు.

గడి నిండుతుంటే బొమ్మ తేలింది. డాక్టర్ ఆ రోజు చేత్తో టైప్ చేసిన వాక్యాల్లో శిరీష తప్పులు దాదాపు లేవు. తప్పులన్నీ మిగతా మూడింటిలో. రేడియాలజీలో ఆమె ఏళ్ల తరబడి ఒకే గొంతు విన్నది. ఇక్కడ ఒక్క నోట్‌లో నాలుగు గొంతులు ఒకే ఫాంట్‌లో, ఒకే సైజులో పడి ఉన్నాయి.

ఆమెకు ఈ సంగతి ఎక్కిన చార్ట్ ఒకటుంది. డయాబెటిస్ పేషెంట్, ఎడమ పాదానికి పుండు. నవంబర్ విజిట్. అసెస్‌మెంట్‌లో, అంటే డాక్టర్ జబ్బు ఏమిటో తేల్చి రాసే భాగంలో, డయాబెటిస్ వల్ల వచ్చిన ఆ పుండు గురించి, డ్రెస్సింగ్ కొనసాగించమని ఉంది. శిరీష ఆ పుండుకు ఈ11.621, దాంతో పాటు ఎల్97.529 వేసింది. ఆడిట్‌లో కొట్టేశారు. ఆమెకు కోపం వచ్చింది, రిబటల్ (ఆడిట్ మీద అభ్యంతరం) పెడతానంది. “సర్, అంత క్లియర్‌గ ఉంది కద, ట్రీట్‌మెంట్ కూడ రాసిన్రు.”

వాదించకుండా అదే పేషెంట్ పాత నోట్లు తెరవమన్నాను. మార్చిలో మొదటిసారి ఆ పుండు గురించి రాసినప్పుడు డాక్టర్ ఫుట్ అనబోయి ఫుడ్ అని కొట్టాడు. ‘లెఫ్ట్ ఫుడ్ అల్సర్’. మే నోట్‌లో ఫుడ్. ఆగస్టులో ఫుడ్. నవంబర్‌లోనూ ఫుడ్. ఎనిమిది నెలలు ఒకే డాక్టర్ అదే అక్షరం తప్పు కొట్టడు. ఆ పేరా మొత్తం మార్చి నుంచి ఎగిరొచ్చి ప్రతి విజిట్‌లో వాలింది. ఇక నవంబర్ నోట్‌లోనే పైన, ఫిజికల్ ఎగ్జామ్‌లో చిన్న వాక్యం ఒకటి ఆ రోజే టైప్ చేసి ఉంది: రెండు పాదాలకూ చర్మం బాగుంది, పుండ్లు లేవు. శిరీష ఆ వాక్యం చదివింది. చదివి, టెంప్లేట్ వాక్యం అనుకుని దాటేసింది. కాపీ అయిన పేరా పొడుగ్గా, వివరంగా, మందుల పేర్లతో సహా ఉంది కాబట్టి అదే నిజమనిపించింది.

ఆ చార్ట్‌లో నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఇంకొకటి. పాత నోట్లు చూసి కాపీ అని పసిగట్టొచ్చు. కానీ కోడ్ వేయాలా వద్దా అన్న నిర్ణయానికి మార్చి నోట్ పనికిరాదు, ఆగస్టు నోట్ పనికిరాదు. హెచ్‌సీసీలో ప్రతి విజిట్ దాని కాళ్ల మీద అది నిలబడాలి. ఇక్కడ కోడ్ ఆపడానికి ఆధారం నవంబర్ నోట్‌లోని వైరుధ్యమే: పైన పుండు లేదు, కింద పుండు ఉంది.

అప్పటినుంచి ఆమె చదివే వరుస మార్చాం. ముందు తేదీ, విజిట్ రకం, సంతకం. తర్వాత నేరుగా హెచ్‌పీఐ, పేషెంట్ ఆ రోజు ఎందుకొచ్చాడన్నది. ఆ తర్వాత ఎగ్జామ్, ఆపైన అసెస్‌మెంట్, ప్లాన్. ప్రాబ్లమ్ లిస్ట్, అంటే పేషెంట్ జబ్బులన్నీ చేర్చి ఉంచే జాబితా, అన్నిటికంటే చివర. ప్రాబ్లమ్ లిస్ట్‌లోకి ఒకసారి ఎక్కిన జబ్బు ఎవరో తీసేదాకా అక్కడే ఉంటుంది, తీసే తీరిక ఏ డాక్టర్‌కూ ఉండదు. ఐ63.9 తప్పులన్నీ అక్కడినుంచి వచ్చినవే.

డ్రాప్‌డౌన్ కథ వేరు. ఆయాసంతో వచ్చిన పేషెంట్‌కు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమో చూడాలని డాక్టర్ సీటీ రాస్తాడు. ఆర్డర్ స్క్రీన్‌లో ‘అనుమానం’ అని ఎంచుకునే వీలు చాలాసార్లు ఉండదు. పల్మనరీ ఎంబాలిజం అని ఎంచుకుంటే ఆర్డర్ ముందుకు పోతుంది, నోట్‌లో ఆ గడ్డ ఉన్నట్టే దాని కోడ్ ఐ26.99 వచ్చి కూర్చుంటుంది. అవుట్‌పేషెంట్‌లో అనుమానాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదని గైడ్‌లైన్ స్పష్టంగా చెబుతుంది. ఈ రూల్ ప్రతి ఫ్రెషర్‌కూ నోటికొచ్చు. అయితే నోట్‌లో ‘రూల్ అవుట్’, ‘సస్పెక్టెడ్’ లాంటి మాట కనబడితేనే ఆ రూల్ గుర్తొస్తుంది. డ్రాప్‌డౌన్ ఆ మాటనే తీసేస్తుంది.

మళ్లీ ఒక మలుపు

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. మరుసటి నెల క్వాలిటీ పెరిగింది, ఆ మరుసటి నెల మళ్లీ పడింది. ఈసారి తప్పులు తిరగబడ్డాయి. అదనపు కోడ్లు పోయి, వదిలేసిన కోడ్లు మొదలయ్యాయి. శిరీష ఇప్పుడు దేన్నీ నమ్మడం లేదు.

ఉదాహరణకు ఒక రొమ్ము క్యాన్సర్ చార్ట్. ఆపరేషన్ అయిపోయింది, నోట్‌లో ‘హిస్టరీ ఆఫ్’ అని ఉంది, ప్రాబ్లమ్ లిస్ట్‌లో రొమ్ము క్యాన్సర్ కోడ్ సి50 ఉంది. పాత జబ్బు, కాపీ సరుకు అనుకుని, ఒకప్పుడు ఆ క్యాన్సర్ ఉండేదని చెప్పే జెడ్85.3కి మార్చేసింది. కానీ ప్లాన్‌లో ఆ రోజు డాక్టర్ రాశాడు: క్యాన్సర్ చికిత్సగా లెట్రోజోల్ నడుస్తోంది, ఇంకో రెండేళ్లు వాడాలి. గడ్డ తీసేసినా దానికి ఉద్దేశించిన చికిత్స నడుస్తున్నంతకాలం క్యాన్సర్ కోడే వేయాలని గైడ్‌లైన్. మందు మళ్లీ రాకుండా ముందుజాగ్రత్తకేనని డాక్టర్ రాస్తే లెక్క మారుతుంది. ఏదీ రాయకుండా మందు పేరు ఒక్కటే లిస్ట్‌లో ఉంటే క్లయింట్ రూల్ చూడాలి, లేదా అడగాలి.

అనుమానానికి కూడా హద్దు ఉండాలని అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. కోడ్ వేయడానికి ఆ రోజు నోట్‌లో ఆధారం చూపించినట్టే, ప్రాబ్లమ్ లిస్ట్ దాటి అసెస్‌మెంట్‌లోకి వచ్చిన జబ్బును ఆపాలన్నా ఆ రోజు నోట్‌లో ఒక వాక్యం వేలు పెట్టి చూపించాలి. ‘కాపీలా ఉంది’ అన్నది కారణం కాదు. డాక్టర్ పాత పేరా కాపీ చేసి, కింద ‘ఈ రోజు షుగర్ 210, ఇన్సులిన్ పెంచాను’ అని ఒక్క లైన్ కలిపితే ఆ డయాబెటిస్ నూటికి నూరుపాళ్లు ఆ రోజుదే.

రెండూ తేలనప్పుడు క్వెరీ, అంటే డాక్టర్‌నే రాసి అడగడం. ఇది ఆమెకు కొత్త విద్య. మొదట్లో ‘పుండు మానిపోయింది కదా, నిర్ధారించండి’ అన్న తరహాలో రాసేది. అది డాక్టర్ నోటికి మనమే మాట అందించడం. అమెరికాలో వైద్య రికార్డుల వృత్తి సంస్థలైన ఆహిమా, ఏసీడీఐఎస్ 2022లో సవరించిన క్వెరీ నియమావళి దీన్ని ఒప్పుకోదు. ఎగ్జామ్‌లో ఏముందో, అసెస్‌మెంట్‌లో ఏముందో రెండూ పక్కపక్కన పెట్టి, ఈ విజిట్ నాటికి పుండు ఉంది, మానింది, వేరే, చెప్పలేను అని నాలుగు దారులూ ఇచ్చి ఊరుకోవాలి. డబ్బు సంగతి ఎత్తకూడదు. అన్ని ప్రాజెక్టుల్లోనూ క్వెరీకి వీలుండదు. పాత ఏడాది చార్టులు తిరగేసే ప్రాజెక్టుల్లో చాలాసార్లు డాక్టర్‌ను అడిగే దారే లేదు. అక్కడ వైరుధ్యం ఉంటే కోడ్ వదిలేయడమే.

ఎక్కడికి చేరింది

కొన్ని నెలలకు శిరీష 95 దాటి అక్కడే నిలబడింది. ప్రొడక్షన్ రేడియాలజీ రోజులంత రాదు, రాకూడదు కూడా. తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఆటో కోడింగ్‌కు పోయిన రేడియాలజీ చార్టుల్లో క్లయింట్‌కు డినయల్స్ (బీమా కంపెనీ బిల్లు తిరస్కరించడం) పెరిగాయి. మెషిన్ ఇంప్రెషన్ బదులు ఆర్డర్‌లోని డయాగ్నోసిస్ ఎత్తుకుంటోంది. సీటీలో గడ్డ లేదని రాసి ఉన్నా ఐ26.99 పోతోంది. శాంపిల్ తీసి చెక్ చేసేవాళ్లు కావాలన్నారు. రేడియాలజీ చేయి తిరిగి, వాక్యం ఎక్కడ పుట్టిందో చూసే అలవాటున్న మనిషి మా దగ్గర ఒక్కరే కనిపించారు. ఇప్పుడామె సగం రోజు ఆ ఆడిట్, సగం రోజు హెచ్‌సీసీ చేస్తోంది. హోదా మారింది, జీతం ఆమె ఆశించినంత మారలేదు.

అందరికీ ఇలా కుదరలేదు. ఆమెతో పాటు రేడియాలజీ నుంచి కదిలినవాళ్లలో కొందరు డినయల్స్ చూసే పనికి మారారు, కొందరు ఫార్మా వైపు తిరిగి వెళ్లారు. ఒకరిద్దరు ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు శిరీష కంటే తక్కువవాళ్లేం కాదు. వాళ్ల తప్పులకు ‘ఎందుకు’ అనే గడి పెట్టి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది, అంతే.

కోర్స్‌లో చేరాలా అని హనుమకొండలో పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అడుగుతుంటారు. పని ఉంది. అమెరికా మెడికేర్ సంస్థ సీఎంఎస్, బీమా కంపెనీల హెచ్‌సీసీ కోడ్లను తిరగదోడే ఆడిట్ల కోసం తన కోడర్ల సంఖ్యను 40 నుంచి దాదాపు 2,000కు పెంచుతామని 2025 మేలో ప్రకటించింది. అక్కడ తనిఖీ గట్టిపడితే ఇక్కడ చార్ట్ చదివేవాళ్ల అవసరం పెరుగుతుంది. కానీ ఎక్స్‌రే క్యూలో కూర్చోబెట్టి ఆరు నెలల్లో చేయి తిప్పించే ఫ్రెషర్ ఉద్యోగం సన్నబడుతోంది. ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఒకే పేషెంట్‌వి వరుసగా మూడు నాలుగు విజిట్ల ప్రాక్టీస్ నోట్లు చదివిస్తారా? విడివిడి నోట్లతో నేర్చుకున్నవాళ్లకు కాపీ అంటే ఏమిటో మా దగ్గరికొచ్చేదాకా తెలియదు. మన దేశంలోనూ 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వచ్చింది, 14 అంకెల ఆభా ఆరోగ్య ఐడీ నంబర్లు వచ్చాయి, అక్కడ ఉద్యోగాలుండవా అని కూడా అడుగుతారు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్యాకేజీ లెక్కన నడుస్తాయి. సీపీటీ (అమెరికా చికిత్సల కోడ్లు), హెచ్‌సీసీ నేర్చుకున్న చేతికి ఇప్పటికిప్పుడు అక్కడ సరిపడా పని లేదు.

శిరీష షీట్‌లో ‘ఎక్కడ పుట్టింది’ గడిలో ఈమధ్య అయిదో రకం చేరింది. డాక్టర్, పేషెంట్ మాట్లాడుకుంటుంటే విని నోట్ రాసిపెట్టే ఏఐ టూల్‌ను ఆ క్లయింట్ డాక్టర్లు కొందరు వాడడం మొదలుపెట్టారు. ఆ నోట్ కాపీ కాదు, టెంప్లేట్ కాదు, డాక్టర్ టైప్ చేసిందీ కాదు. ప్రతిసారీ కొత్త వాక్యాలు, అక్షర దోషం ఒక్కటీ ఉండదు, కింద డాక్టర్ సంతకం. ‘ఫుడ్’ లాంటి ఆనవాలు అందులో దొరకదు. ప్రస్తుతానికి ఆమె ఆ నోట్లను విడిగా గుర్తుపెట్టి, ఎగ్జామ్‌కూ అసెస్‌మెంట్‌కూ పొత్తు కుదిరిందో లేదో ఒక్కటే చూస్తోంది. అది సరిపోతుందో లేదో తేల్చేటన్ని ఎర్రర్లు ఆ రకంలో ఇంకా పడలేదు.